ఇంజన్ రిపేరు చేయించాలా, వేరే ఇంజన్ ఎక్కించాలా: హెడ్ విప్పకముందే తేల్చుకోకండి

2024 ఫిబ్రవరిలో మేడారం జాతర నుంచి తిరిగొస్తుంటే ములుగు దాటాక గట్టమ్మ గుడి దగ్గర మా స్విఫ్ట్ డీజిల్‌లో టెంపరేచర్ లైటు వెలిగింది. అప్పటికే పస్రా నుంచి ఫస్టు గేరు, సెకండు గేరులోనే పాకుతూ వచ్చాం, ముందూ వెనకా ఎటు చూసినా బండ్లే, లోపల అమ్మ, ఇద్దరు పిల్లలు, ఏసీ ఆపితే ఉక్కపోత. మల్లంపల్లిలో ఆపుదాం అన్నాడు మా బాపు. తీరా మల్లంపల్లి వచ్చేసరికి ఆ లైటు దానంతటదే ఆరిపోయింది, చల్లబడిందిలే, ఇంటికి పోయాక చూద్దాం అనుకున్నాం. గూడెప్పాడ్ దగ్గర ఇంజన్ ఆగిపోయింది, మళ్లీ స్టార్ట్ కాలేదు.

ఆ లైటు ఎందుకు ఆరిపోయిందో తర్వాత తెలిసింది. టెంపరేచర్ సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది, నీళ్లన్నీ కారిపోయాక దానికి తగిలేది గాలి, ఆవిరే, కాబట్టి అది తక్కువ చూపిస్తుంది. మేం చల్లబడింది అనుకున్న టైంలో లోపల చుక్క నీళ్లు లేవు. రేడియేటర్ కింది గొట్టం పగిలింది, 2012 నాటి గొట్టం అది, మేం ఎన్నడూ మార్చలేదు.

మరునాడు హనుమకొండలో రెండు షెడ్లలో చూపించాం. మొదటి షెడ్డులో డిప్‌స్టిక్ తీసి చూసి, ఆయిల్‌లో నీళ్లు కలిసి పాలచాయ్ రంగులో ఉందని చూపించి, "ఇంజన్ పోయింది అన్నా, హైదరాబాద్ నుంచి ఇంకో ఇంజన్ తెప్పిస్తా, ఎక్కించి ఇచ్చేదాకా 85 వేలు, మూడు రోజుల్లో బండి తీసుకపోండి" అన్నారు. రెండో షెడ్డులోని మేస్త్రీ మాత్రం హెడ్ (సిలిండర్ల మీద ఉండే పై భాగం) విప్పి చూడకుండా నేనేం చెప్పను, విప్పడానికి ఇంత అవుతుంది, తర్వాత మీ ఇష్టం అన్నాడు. ఇంట్లో అందరికీ మొదటి మాటే నచ్చింది, ఎందుకంటే అందులో ఒక అంకె ఉంది, ఒక తేదీ ఉంది. చివరికి బాపు పట్టుబట్టి రెండో చోటే విప్పించాడు. హెడ్ వంగింది, దాని కింద సీలులా ఉండే గాస్కెట్ కాలింది, కానీ సిలిండర్లుండే కింది భాగం, అంటే బ్లాక్, బాగుంది, సిలిండర్లలో గీతలు లేవు. హెడ్ ఫేసింగ్ (వంగిన అడుగును చదును చేయడం), గాస్కెట్ సెట్, పిస్టన్ రింగులు, వాటర్ పంపు, గొట్టాలు, కొత్త రేడియేటర్, మొత్తం కలిపి 52 వేలు అయ్యింది. ఇవి అప్పటి రేట్లు, మీ బండికి మీ ఊళ్లో ఈరోజు ఎంతో రెండు మూడు చోట్ల అడగాల్సిందే. నేను చెప్పేది అంకె గురించి కాదు. మొదటి షెడ్డు మాట వినుంటే బాగున్న బ్లాకును పక్కన పడేసి, ఎవరిదో, ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిందో తెలియని ఇంజన్‌ను డబ్బులిచ్చి తెచ్చుకునేవాళ్లం.

అయితే దీన్నిబట్టి ఎప్పుడూ రిపేరే మేలు అని నేను చెప్పను. ఇంజన్ మార్చడమే సరైన చోట్లు ఉన్నాయి, వాటి గురించి కూడా చెబుతాను. కానీ ముందు మా చిన్నాయన సంగతి వినాలి. ఆయనది నర్సంపేట, కిరాయికి తిప్పే డీజిల్ బండి ఉండేది. వేడెక్కి ఇంజన్ పట్టేస్తే, పెళ్లిళ్ల సీజన్ అని తొందరపడి, అడిగినంత ఇచ్చి సెకండ్ హ్యాండ్ ఇంజన్ వేయించాడు. మూడో నెలలో ఆ ఇంజన్ కూడా అలాగే పట్టేసింది. కారణం చాలా చిన్నది: పాత రేడియేటరే మళ్లీ బిగించారు. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసి పోసి దాని గొట్టాల్లో తెల్లటి ఉప్పు పేరుకుపోయి సగం మూసుకుపోయింది. మన వైపు బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో ఇంట్లో గీజర్ రాడ్డు చూస్తేనే తెలుస్తుంది, అదే రేడియేటర్ లోపల కూడా జరుగుతుంది. మొదటి ఇంజన్‌ను చంపిన రేడియేటరే రెండో ఇంజన్‌నూ చంపింది. రిపేరా, మార్పిడా అనే ప్రశ్న కంటే ముందు "ఈ ఇంజన్ ఎందుకు పోయింది?" అని అడగాలి అని నేనంటున్నది ఇందుకే. దానికి జవాబు దొరక్కుండా ఏ దారి పట్టినా డబ్బులు నీళ్లలో పోసినట్టే.

ముందు ఏం పోయిందో తెలుసుకోండి

కొన్ని గుర్తులు బయటికే కనిపిస్తాయి. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంటే ఆయిల్ కాలుతోంది, రింగులో, వాల్వు సీళ్లో, డీజిల్ బండైతే ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బోనో. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లటి పొగ తగ్గకుండా, తీపి వాసనతో వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోంది. నల్ల పొగ అయితే డీజిల్ ఎక్కువ పడుతోంది లేదా గాలి తక్కువ అందుతోంది, దానికి ఇంజన్ దించాల్సిన పనే ఉండకపోవచ్చు, ఇంజెక్టర్లు, ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపేది), టర్బో గొట్టాలు చూపిస్తే సరిపోతుంది. నల్ల పొగకు ఇంజన్ మార్చాలి అని ఎవరైనా చెబితే అక్కడి నుంచి బండి తీసుకుని వచ్చేయండి.

ఆయిల్ పోసే మూత తీసి ఇంజన్ నడిపితే పొగ గుప్పుగుప్పున కొడుతుంటే సిలిండర్లో, రింగులో అరిగాయని అర్థం. కింద నుంచి టకటక శబ్దం, యాక్సిలరేటర్ తొక్కితే పెరుగుతూ, పక్కన ఆయిల్ లైటు కూడా వెలుగుతుంటే బేరింగులు పోతున్నాయి. అప్పుడు ఇంకో కిలోమీటరు కూడా నడపకండి, టోయింగ్ చేయించండి. బేరింగు దగ్గర ఆగితే చిన్న పని, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) దాకా పోతే పెద్ద పని, పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్డు విరిగి బ్లాకును చీల్చుకుని బయటికి వస్తే ఇక రిపేరు అనే మాటే ఉండదు.

ఆ తర్వాత కంప్రెషన్ టెస్ట్ అడగండి, ఒక్కో సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో అది చెబుతుంది. చిన్న మీటరు, పెట్రోల్ బండైతే ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో పెట్టి సెల్ఫ్ కొడతారు, డీజిల్ బండికి గ్లో ప్లగ్ లేదా ఇంజెక్టర్ రంధ్రంలో పెడతారు. నాలుగు సిలిండర్ల అంకెలూ కాగితం మీద రాసిమ్మని అడగండి. అన్నీ దాదాపు సమానంగా ఉండి కొంచెం తక్కువైతే అది వయసు. ఒక్కటే బాగా పడిపోతే ఆ సిలిండర్‌లోనే ఏదో ఉంది. పక్కపక్కనున్న రెండు ఒకేసారి పడిపోతే మధ్యలో గాస్కెట్ కాలి ఉండే అవకాశం ఎక్కువ. పెట్రోల్ ఇంజన్‌లో తక్కువ చూపించిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొడతారు, అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. డీజిల్‌లో ఈ ఆయిల్ పోసే పరీక్ష చేయించకండి, కంప్రెషన్ ఎక్కువ కాబట్టి ఆ ఆయిలే మండి అంకె తప్పు చూపిస్తుంది.

ఇప్పుడు సన్నటి కెమెరాలు వచ్చాయి, ప్లగ్గు రంధ్రంలోంచి లోపలికి దింపితే సిలిండర్ గోడ మీద గీతలు ఫోన్ స్క్రీన్ మీదే కనిపిస్తాయి. ఆ కెమెరా ఉన్న షెడ్డు దొరికితే విప్పకుండానే సగం సంగతి తేలిపోతుంది. ఈ పరీక్షలన్నిటికీ కలిపి అయ్యేది, మీరు రేపు పెట్టబోయే ఖర్చులో చిన్న ముక్క. దాని దగ్గర పిసినారితనం వద్దు.

రిపేరు అంటే ఎంత దాకా

షెడ్డులో రెండు మాటలు వినిపిస్తాయి, హాఫ్ ఇంజన్, ఫుల్ ఇంజన్. ఎక్కడ హాఫ్ ఆగుతుందో ఒక్కో షెడ్డులో ఒక్కోలా చెబుతారు, కాబట్టి ఆ మాట విని సరే అనకుండా ఏమేం మారుస్తారో పేరుపేరునా రాయించుకోండి. మామూలుగా హాఫ్ అంటే హెడ్ పని, రింగులు, బేరింగులు, గాస్కెట్లు. ఫుల్ అంటే దానికి తోడు బోరు కొట్టించడం (అరిగిన సిలిండర్ లోపలి గోడను కోయించడం), కొత్త పిస్టన్లు, క్రాంక్ గ్రైండింగ్, ఆయిల్ పంపు, టైమింగ్ చైన్ లేదా బెల్ట్.

అసలు పని షెడ్డులో కాదు, లేత్ షాపులో జరుగుతుంది. బోరింగ్, హోనింగ్, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్, వాల్వు సీటింగ్ అన్నీ అక్కడే. మేస్త్రీ ఎంత మంచివాడైనా లేత్ పని చెడితే ఇంజన్ నిలబడదు. అందుకని మీ మేస్త్రీ ఏ లేత్ షాపుకి ఇస్తాడో అడగండి, వీలైతే ఒకసారి మీరే వెళ్లి చూడండి. నేను పోయి ఒక పూట కూర్చున్నాను, మా హెడ్‌ను ఉక్కు స్కేలు, ఫీలర్ గేజ్ పెట్టి కొలిచి, ఎంత వంగిందో నాకు చూపించాకే మిషన్ ఎక్కించారు. ఆ కొలత కాగితం మీద ఉంటే తర్వాత ఏ వాదనా ఉండదు.

బోరు కొట్టిస్తే సిలిండర్ పెద్దదవుతుంది, దానికి తగ్గట్టు 0.25 లేదా 0.50 మిల్లీమీటర్లు పెద్ద పిస్టన్లు వేస్తారు. మీ ఇంజన్‌కు ఆ ఓవర్‌సైజు పిస్టన్లు మార్కెట్‌లో దొరుకుతాయా అన్నది బోరు కొట్టించకముందే తెలుసుకోవాలి. బోరు కొట్టాక పిస్టన్ దొరక్క నెలల తరబడి షెడ్డులో దుమ్ము పట్టిన బండ్లు ఉన్నాయి. కొన్ని బ్లాకులకు స్లీవ్ (సిలిండర్ లోపల కొత్త గొట్టం) వేసి మళ్లీ పాత సైజుకే తేవచ్చు. క్రాంక్ కూడా అంతే, ఎంత గ్రైండ్ చేస్తే అంత మందం బేరింగులు దొరకాలి.

డీజిల్ హెడ్ విషయంలో ఇంకో జాగ్రత్త. ఫేసింగ్ పేరుతో ఇష్టమొచ్చినంత గీకేయకూడదు, డీజిల్‌లో పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య సందు చాలా తక్కువ. చాలా డీజిల్ ఇంజన్లకు హెడ్ గాస్కెట్ రెండు మూడు మందాల్లో వస్తుంది, పిస్టన్ బ్లాకు అంచు దాటి ఎంత పైకి వస్తుందో కొలిచి దాన్నిబట్టి మందం ఎంచుకోవాలి. "గాస్కెట్ గాస్కెటే కదా" అనే మేస్త్రీ దగ్గర డీజిల్ హెడ్ విప్పించకండి. హెడ్ బోల్టులు కూడా ఇప్పటి ఇంజన్లలో ఎక్కువ వాటికి బిగిస్తే సాగే రకం, ఒకసారి వాడినవి మళ్లీ వాడకూడదు, కొత్తవి వేయమనండి, టార్క్ రెంచ్‌తోనే బిగించమనండి.

రిపేరులో పెద్ద ఇబ్బంది, ఖర్చు ఎంతో ముందు పూర్తిగా తెలియదు. విప్పుతున్న కొద్దీ ఒక్కోటి బయట పడుతుంది. మాకు మొదట చెప్పింది 40 వేలు, అయ్యింది 52 వేలు. రేడియేటర్ కొత్తది వేయమని మేమే అడిగాం, అందులోనే సగం తేడా. రోజులు కూడా అంతే, వారం అంటే పదిహేను రోజులు అయ్యింది. దీనికి ముందే మనసు సిద్ధం చేసుకుంటే టెన్షన్ తగ్గుతుంది.

ఇంజన్ మార్చడంలో మూడు రకాలు

కంపెనీ నుంచి కొత్త బ్లాకు తెప్పించుకోవడం ఒకటి. హెడ్ లేకుండా కింది భాగం మాత్రం వచ్చే షార్ట్ బ్లాక్ అయితే మీ హెడ్, మీ టర్బో, మీ ఇంజెక్టర్లు దాని మీద ఎక్కిస్తారు. బ్లాకు పగిలి, హెడ్ బాగుండి, బండి ఇంకా ఏడెనిమిదేళ్లు వాడాలనుకుంటే ఇదే నేను ఎంచుకునేది. ధర ఎక్కువ, కానీ కొత్తది, బిల్లు ఉంటుంది, వారంటీ ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో పార్ట్స్ అన్నిటికీ జీఎస్టీ 18 శాతమే అయ్యింది, అంతకుముందు చాలా వాటికి 28 ఉండేది, కాబట్టి పాత కొటేషన్ పట్టుకుని కూర్చోకుండా మళ్లీ అడగండి. రీబిల్డ్ చేసి పెట్టిన ఇంజన్ ఇచ్చి మీది తీసుకునేవాళ్లు కూడా ఉంటారు, అక్కడ ఎవరు కట్టారు, ఏమేం మార్చారు అన్న బిల్లులు చూపిస్తేనే మాట్లాడండి.

ఎక్కువ మంది వెళ్లేది మూడోదానికి, స్క్రాప్ బండిలోంచి దించిన సెకండ్ హ్యాండ్ ఇంజన్. హైదరాబాద్ నుంచి, విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పిస్తారు. ఇందులో మంచిదీ ఉంటుంది. వెనక నుంచి లారీ గుద్దిన బండి, బాడీ మొత్తం పోయినా ముందున్న ఇంజన్ చక్కగా ఉండొచ్చు. అలాంటిది దొరికితే రిపేరు కంటే మేలే. కానీ అలాంటిదేనని చెప్పి ఏదైనా ఇవ్వొచ్చు కూడా, కాబట్టి డబ్బులిచ్చే ముందు మీరు చూడాల్సినవి ఉన్నాయి.

ఇంజన్ నేల మీద ఉండగానే కంప్రెషన్ కొట్టించండి, బ్యాటరీ, సెల్ఫ్ మోటార్ ఉంటే చాలు. వాల్వు కవర్ విప్పి చూడండి: లోపల బంగారు రంగు, లేత గోధుమ రంగు ఉంటే ఆయిల్ వేళకు మార్చారు, నల్లటి గడ్డలు, తారులా పేరుకుంటే మార్చలేదు. కింద ఆయిల్ నిలిచే తొట్టి, అంటే సంపు, విప్పమనండి, అడుగున ఇత్తడి రంగు తళుకులు కనిపిస్తే బేరింగులు అరిగాయి. నీళ్లు పోయే దారుల్లో మట్టి, ఒండ్రు ఉంటే అది వరదలో మునిగింది, వదిలేయండి. ఇవి చూడనివ్వని దుకాణంలో ఎంత తక్కువకు ఇచ్చినా కొనకండి.

సరిపోతుందా లేదా అన్నది ఇంకో పెద్ద సంగతి. మా స్విఫ్ట్‌లో ఉన్నది 1248 సీసీ డీజిల్ ఇంజన్, ఫియట్ రూపొందించింది. అదే కుటుంబం ఇంజన్ ఫియట్ పుంటోలో, టాటా ఇండికా విస్టాలో, మారుతి ఎర్టిగా, సియాజ్‌లలో కూడా వచ్చింది. అదే కదా అని ఏది పడితే అది తెస్తే కూర్చోదు. స్విఫ్ట్‌ది 75 హార్స్ పవర్, ఎర్టిగా, సియాజ్‌లలో వేరే రకం టర్బోతో 90 హార్స్ పవర్. మౌంట్లు, సంపు, వైరింగ్, సెన్సర్లు కంపెనీ కంపెనీకీ వేరు. మీ బండి మోడలే, అదే ఇంధనం, అదే బీఎస్ (పొగ కాలుష్య) ప్రమాణం ఉన్న ఇంజన్ తీసుకోండి. మీ పాత ఈసీఎం (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) మీ బండిలోనే ఉంచుకుంటే, తాళంచెవిని గుర్తు పట్టకపోతే బండి స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్‌తో గొడవ రాదు. డీజిల్‌లో ఇంజెక్టర్లు మార్చినా, కొత్త ఇంజన్‌తో వచ్చినవి వాడినా ఒక్కో దాని మీద ఉన్న కోడ్ స్కానర్‌తో ఈసీఎంలో ఎక్కించాలి, లేకపోతే ఇంజన్ మంచిదైనా వణుకుతుంది, పొగ కొడుతుంది, మీరేమో మోసపోయామని అనుకుంటారు.

మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు ఆపేసింది. అంటే ఈ రోజు మార్కెట్‌లో ఉన్న స్విఫ్ట్ డీజిల్ ఇంజన్లు ఏవీ అంతకంటే కొత్తవి కావు. "తక్కువ తిరిగింది అన్నా" అన్న మాట వింటున్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆర్సీ సంగతి తేలిగ్గా తీసుకోకండి

ఇంజన్ నంబరు బ్లాకు మీద ఉంటుంది, అదే నంబరు మీ ఆర్సీలో ఉంటుంది. హెడ్ మార్చినా, పిస్టన్లు మార్చినా, క్రాంక్ మార్చినా ఆ నంబరు మారదు, బ్లాకు మారితే మారుతుంది. రిపేరుకీ మార్పిడికీ మధ్య షెడ్డులో ఎవరూ చెప్పని పెద్ద తేడా ఇదే.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా బండిలో మార్పు చేయాలంటే ఆర్టీఏ అనుమతి కావాలి, ఇంజన్ మార్చితే 14 రోజుల్లో తెలియజేసి ఆర్సీలో ఎక్కించుకోవాలి. 2019లో వచ్చిన సవరణ తర్వాత అనుమతి లేని మార్పులకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. నన్నడిగితే ఇంజన్ దించకముందే ఆర్టీఏ ఆఫీసుకి పోయి ఏ కాగితాలు కావాలో కనుక్కుని రండి. బండి మీద లోన్ ఉంటే ఫైనాన్స్ కంపెనీ దగ్గర రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కొత్త నంబరు చెప్పండి. ఇవేవీ చేయకుండా తిరుగుతుంటే ఏళ్ల తరబడి ఎవరూ అడగకపోవచ్చు, కానీ యాక్సిడెంట్ అయి క్లెయిమ్ పెట్టినప్పుడు సర్వేయర్ మొదట చూసేది ఆ నంబర్లే. బండి అమ్మేటప్పుడు, 15 ఏళ్లు నిండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి పోయినప్పుడు కూడా అంతే. మాది ఏపీ 36 నంబరు బండి, 2027లో రెన్యువల్‌కి వస్తుంది, బ్లాకు మార్చలేదు కాబట్టి నంబరు గురించి మాకు ఏ చింతా లేదు.

సెకండ్ హ్యాండ్ ఇంజన్ కొంటే అది ఏ బండిలోంచి వచ్చిందో ఆ ఆర్సీ జిరాక్స్, స్క్రాప్ చేసినట్టు కాగితం, ఇంజన్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు, ఈ మూడూ అడగండి. దొంగ బండి ఇంజన్ అయితే రేపు పోలీసులు వచ్చేది అమ్మినవాడి దగ్గరికి కాదు, ఆ నంబరు ఎవరి బండిలో దొరికితే వాళ్ల దగ్గరికి. నంబరు దగ్గర గ్రైండర్‌తో గీకినట్టు, మళ్లీ కొట్టినట్టు కనిపిస్తే ముట్టుకోకండి.

నీళ్లలో మునిగిన బండి అయితే

2023 జులైలో ఏం జరిగిందో వరంగల్, హనుమకొండ వాళ్లకు చెప్పక్కర్లేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మునిగిపోయింది, ఇక్కడ హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. నీళ్లు తగ్గాక చాలామంది చేసిన తప్పు, స్టార్ట్ అవుతుందేమోనని తాళం తిప్పడం. నొక్కితే నీళ్లు గాలిలాగా కుదించుకుపోవు. సిలిండర్‌లో నీళ్లుండగా పిస్టన్ పైకి లేస్తే వంగేది కనెక్టింగ్ రాడ్డే. తాళం తిప్పని బండికి గాలి ఫిల్టర్, ఆయిల్ మార్చి, ప్లగ్గులు లేదా ఇంజెక్టర్లు తీసి చేత్తో తిప్పి నీళ్లు బయటికి పంపి, ఆయిల్ రెండు మూడు సార్లు మార్చితే ఇంజన్ చాలాసార్లు దక్కుతుంది, ఏ మార్పిడీ అక్కర్లేదు. తిప్పిన బండికి నాలుగు పిస్టన్లూ పైకి వచ్చినప్పుడు ఒకే ఎత్తుకు వస్తున్నాయో లేదో కొలవాలి, ఒకటి కిందనే ఆగితే ఆ రాడ్డు వంగింది. ఒక్క రాడ్డు, పిస్టన్ మార్చి బయటపడొచ్చు, బ్లాకు చీలకపోతే.

ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. మామూలు ఫుల్ ఇన్సూరెన్స్ వరద నష్టం ఇస్తుంది, కానీ మునిగిన బండిని స్టార్ట్ చేయడం వల్ల ఇంజన్ పోయిందంటే అది మీరు చేసుకున్నదని క్లెయిమ్ కొట్టేస్తారు. దానికి ఇంజన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ వేరుగా తీసుకోవాలి. మీ కాలనీ పల్లంలో ఉంటే అది తప్పకుండా తీసుకోండి. ఆయిల్ మార్చక, అరిగి అరిగి పోయిన ఇంజన్‌కు మాత్రం ఏ పాలసీ పైసా ఇవ్వదు.

మరి ఎవరికి ఏది

హెడ్, గాస్కెట్, వాల్వులు, రింగుల దాకా పోయిన దెబ్బ అయితే రిపేరు, ఇంకో ఆలోచన వద్దు. పెట్రోల్ చిన్న కార్లలో ఎక్కువసార్లు ఇక్కడే ఆగుతుంది. బేరింగులు పోయి క్రాంక్ మీద గీతలు పడ్డా, గ్రైండింగ్‌కు అందేంతే ఉంటే, ఓవర్‌సైజు భాగాలు దొరికితే, నేను రిపేరే చేయిస్తాను. మీ ఇంజన్ చరిత్ర మీకు తెలుసు, ఎప్పుడు ఆయిల్ మార్చారో తెలుసు. కొనే ఇంజన్ గురించి ఆ ఒక్కటీ మీకు తెలియదు.

బ్లాకు పగిలితే, రాడ్డు బయటికి వస్తే, క్రాంక్ విరిగితే, సిలిండర్ చివరి ఓవర్‌సైజు దాటి అరిగితే మార్చడమే. అక్కడ వెల్డింగ్ చేసి బ్లాకు కాపాడతాం అన్నవాళ్ల మాట వినకండి. బాగా వయసైపోయిన బండి, భాగాలు దొరకని మోడల్ అయితే కూడా ఇంకో ఇంజన్ దొరకడమే అదృష్టం.

రోజుల లెక్క కూడా ఉంది. కిరాయి బండి నడుపుకునేవాళ్లకు పదిహేను రోజులు షెడ్డులో ఉంటే ఆ నెల కిస్తీ తప్పుతుంది, ఇంట్లో వంట సామాన్ల మీద పడుతుంది. అలాంటివాళ్లు మూడు రోజుల్లో బండి వస్తుందని మార్పిడి వైపు మొగ్గితే నేను తప్పు పట్టను. కానీ మా చిన్నాయన తొందరగా బండి తెచ్చుకుందామని చూసి, రెండోసారి బండి ఆగినప్పుడు నెలన్నర ఇంట్లో కూర్చున్నాడు. ఇంజన్ మార్చే ఆ మూడు రోజుల్లోనే రేడియేటర్, వాటర్ పంపు, థర్మోస్టాట్, గొట్టాలు, ఫ్యాను కూడా కొత్తవి వేయించుకోండి, పాతవి బాగున్నాయని ఎవరు చెప్పినా సరే. రిపేరు చేయించుకునేవాళ్లకూ ఇదే మాట. ఆ తర్వాత ఎప్పుడూ బోరు నీళ్లు పోయకండి, కలిపి అమ్మే కూలెంట్ లేదా డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ మాత్రమే.

బండి ధరతో పోల్చి చూడటం కూడా అవసరమే. ఇంజన్ బాగుంటే మీ బండి ఇప్పుడు ఎంతకు పోతుందో తెలుసుకోండి. పెట్టబోయే ఖర్చు అందులో సగం దాటుతుంటే, బాడీకి తుప్పు, సస్పెన్షన్, గేర్‌బాక్స్ కూడా పని అడుగుతుంటే, ఉన్నదున్నట్టు అమ్మేయడం మేలు. ఇంకో లెక్క, 15 ఏళ్లు దగ్గర పడితే కారు రెన్యువల్‌కి ఫీజే 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు, అది అయిదేళ్లకే వస్తుంది, గ్రీన్ ట్యాక్స్ వేరు, ఫిట్‌నెస్ కోసం చేయించే పనులు వేరు. మా బండి మీద బాపుకి ప్రేమ ఎక్కువ, ఆ ప్రేమకు కూడా ఒక విలువ ఉంది, దాన్ని ఎవరూ లెక్క కట్టాల్సిన పని లేదు. కాకపోతే అది ప్రేమతో పెడుతున్న ఖర్చు అని తెలిసి పెట్టండి, లాభం అనుకుని కాదు.

ఏ దారి పట్టినా మొదటి వెయ్యి కిలోమీటర్లు జాగ్రత్త. బోరు, రింగులు కొత్తవైతే హైవే మీద ఎగబడి తొక్కకండి, ఒకే స్పీడులో గంటల తరబడి నడపకండి, కాజీపేట నుంచి జనగామ దాకా స్పీడు మార్చుకుంటూ పోయి వస్తే చాలు. 500 దాటాక ఒకసారి, వెయ్యి దగ్గర ఇంకోసారి ఆయిల్, ఫిల్టర్ మార్చండి, తీసిన ఆయిల్‌ను గుడ్డ మీద పోసి తళుకులు ఉన్నాయేమో చూడండి. కూలెంట్ లెవల్ రోజూ పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూడండి, తగ్గుతుంటే మేస్త్రీకి ఆ రోజే ఫోన్ చేయండి. అందుకే బిల్లు మీద ఎన్ని నెలలు, ఎన్ని కిలోమీటర్ల గ్యారంటీ, లేబర్ కూడా అందులో కలుస్తుందా అన్నది చేత్తో అయినా రాయించుకోవాలి.

ఇంకొకటి, ఇంజన్ మార్పించుకునేవాళ్లు పాత ఇంజన్‌ను షెడ్డులో వదిలేసి రాకండి. మాట్లాడుకున్నప్పుడే పాతది ఎవరిదో తేల్చుకోండి. దాని హెడ్, టర్బో, ఇంజెక్టర్లు, ఆల్టర్నేటర్ బాగుంటే వాటికి ధర ఉంది, అవే రేపు మీ బండికే పనికి రావచ్చు. పైగా మీ పేరు మీద రిజిస్టర్ అయిన నంబరు ఉన్న బ్లాకు అది, ఆర్సీలో కొత్త నంబరు ఎక్కేదాకా ఇంట్లోనే ఉంచి, తర్వాత నంబరు రాసిన రసీదు తీసుకునే స్క్రాప్‌కి వేయండి.